రెండు పాలీల వేన్నీళ్లు

"పొద్దుగాల నేనొచ్చేసరికి నీళ్లు కాగాలె."

"కాగుతయి తియ్. ముందు నువ్వు పో, పాలీకి లేటైతది."

నేనూ నా పెనిమిటీ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. సూరత్‌లో డ్యూటీని పాలీ అంటారు. ఆ రోజు ఆయన అన్నం డబ్బా పట్టుకుని రాత్రి పాలీకి పోయాడు. తెల్లారకముందే మగ్గం దగ్గర గుండె ఆగిపోయింది. నీళ్లు మాత్రం ఆయన చెప్పిన వేళకే కాగాయి. ఇది కరోనాకు చాలా ముందు సంగతి. దాని గురించి ఏడవడానికి కాదు నేనిది చెబుతున్నది, వేన్నీళ్ల గురించి. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నాకు నా పేరు రాయడం వరకే వచ్చు, అదీ వంకరగా.

ఆయన పోయాక సూరత్ గోడాదరాలోని మా ఇంట్లోనే మెస్ పెట్టాను. కింద వంట, పైన హాలు. మన తెలంగాణ నుంచి వచ్చిన మగ్గాలవాళ్లు అక్కడే తిని అక్కడే పడుకునేవారు. పాలీ అంతా మగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి ఒళ్లంతా నూలు దుమ్మే. వేన్నీళ్లు పోసుకుంటే తప్ప ముద్ద దిగదు. మా వీధిలో కూర అందరూ వండుతారు. మనిషి వచ్చేసరికి వేన్నీళ్లు ఉండేది మాత్రం నా దగ్గరే, నా మెస్‌కు ఆ పేరే ఉండేది.

లాక్‌డౌన్‌లో అందరూ రైళ్లెక్కి ఊళ్లకు పోయారు. వానలు తగ్గాక ఒకే మగ్గాల షెడ్డులో పనిచేసే కొందరే తిరిగి వచ్చారు. వాళ్లు నిలిస్తేనే నా మెస్ నిలిచేది. ఈలోగా నాకూ ఆ జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ మోకాళ్లలో సత్తువ పట్టుకుపోయింది, ఈ గొంతును ఇలా బొంగురు చేసి పోయింది. చీకటితో లేచి గీజర్ వేయడం నా వల్ల కాలేదు.

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో పనిచేసే నా కొడుకుకు అదే సందు దొరికింది.

"ఇగ మెస్ బంద్ చెయ్యమ్మా. మేం లేమా? కూసొని తిను."

"కూసుంటే లేవొస్తలేదురా, గదే కదా నా బాధ."

వాడికి నవ్వొచ్చింది కానీ మాట వదల్లేదు. ఈ నెల చూద్దాం, వచ్చినవాళ్లు కూడా వేరే మెస్‌కు పోతే ఇక మూసేద్దాం అన్నాడు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మెస్ మూస్తే పొద్దున లేచి ఎవరికోసం పొయ్యి వెలిగించాలి?

నా కోడలు సూరత్‌లోనే పుట్టిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి గుజరాతీలో తేలుతుంది.

"టెన్షన్ నహీ లేవాను అత్తమ్మా, ఫికర్ చెయ్యకు. ఫోన్‌తో నడిచే ప్లగ్గులుంటయి. వారం టైంటేబుల్ పెడితే అదే ఆన్ అయితది, అదే బంద్ అయితది."

"ఒకటి నీ మొగనికి గూడ పెట్టు. ఆదివారం లేస్తలేడు."

కరెంటు పనివాడు వచ్చి గీజర్‌కు ఒకటి, పైన హాలు లైటుకూ ఫ్యానుకూ కలిపి ఒకటి బిగించాడు. కోడలు ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"చెప్పు అత్తమ్మా. నీళ్లు ఎప్పుడు?"

"వాళ్లు పొద్దుగాల పాలీ దిగి వస్తరు. దానికంటె ముందుగాల కాగాలె."

"మరి హాలు?"

"సాయంత్రం పనికి పోతరు. నేను ఊడ్చుకునే దాంక లైటు ఉండనీ. ఎనిమిదింటికి బంద్ చెయ్యి. లేకుంటే ఉత్తగనే తిరుగుతది ఫ్యాను."

"రోజూ గిదేనా?"

"రోజూ గిదే."

ప్రతి వారం అని నొక్కేసింది. ఆ వారం నాకు పండగే. నేను పడుకునే ఉన్నాను, గోడ మీద గీజర్ ఎర్ర లైటు తనంతట తానే వెలిగింది. మెట్లెక్కినవాళ్లకు పొగలు కక్కే నీళ్లు. అక్కకు దయ్యం సాయం చేస్తోంది అని వాళ్లు, ఆ దయ్యం నేనే అని కోడలు.

తర్వాత షెడ్డుకు వారపు సెలవు వచ్చింది. సెలవు దాటగానే పాలీ మారింది.

మగ్గాల ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒకరు ఇంకొకరికి చెప్పరు, నేనూ కోడలికి చెప్పలేదు. ఒక వారం రాత్రి, ఒక వారం పగలు, అంతే. సెలవు రోజున నా పెనిమిటి మంచం జరిపేవాడు. రాత్రి పాలీ వారమైతే పగలు నిద్రపోవాలి కాబట్టి కిటికీకి దూరంగా, చీకటి మూలకు. పగటి పాలీ అయితే గాలి తగిలేలా కిటికీ కిందికి. మంచం ఎక్కడుందో చూస్తే ఏ వారమో నాకు తెలిసిపోయేది. ఫోన్‌కు మంచం లేదు కదా.

పగలంతా పనిచేసి వాళ్లు సాయంత్రం వచ్చారు. మొదట స్నానానికి పోయినవాడు పాడుకుంటూ పోయాడు, మూగవాడై వచ్చాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. పొద్దున ఎవరికీ అక్కర్లేనప్పుడు కాగి, చల్లారిపోయాయి. గోడ మీద స్విచ్ నొక్కితే పలకలేదు, ఇప్పుడది ఫోన్ మాటే వింటుంది. సరే, ముందు తినండి అని వడ్డించాను. పప్పు కలిపి మొదటి ముద్ద ఎత్తారో లేదో, ఎనిమిదైంది. లైటు పోయింది, ఫ్యాను ఆగింది.

చీకట్లోంచి ఒకడు అన్నాడు, "అక్క మనల్ని మళ్ల పాలీకి పొమ్మంటుంది."

అందరూ నవ్వారు. వాళ్లలో పెద్దాయన మాత్రం నవ్వలేదు. "నీళ్లు లేకపాయె, లైటు లేకపాయె. ఎదురు మెస్సోడు నిన్ననే పిలిచిండక్కా" అన్నాడు. మెట్ల మీద నా కొడుకు నిలబడి ఉన్నాడు. వాడు విన్నాడు.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "వారం టైంటేబుల్ బరాబర్ పెట్టిన కదా" అంది ఏడుపు గొంతుతో.

"నీది ఒక వారం బిడ్డా" అన్నాడు పెద్దాయన. "మాకు రెండు వారాలు కలిస్తెనే ఒక వారం."

కోడలు ముందు ఫోన్ నొక్కి లైటు వేసింది. వాళ్లు తింటూ చెప్పారు, తను అక్కడే కూర్చుని పెట్టింది. రెండు టైంటేబుళ్లు. నాకు చదువు రాదని పగటి పాలీకి సూర్యుడి బొమ్మ, రాత్రి పాలీకి చంద్రుడి బొమ్మ. సెలవు రోజున ఏదో ఒకటి నేను నొక్కాలి.

మళ్లీ పాలీ మారే రోజు చంద్రుణ్ణి నొక్కాను. తెల్లారి మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆ వెంటనే స్నానాల గదిలోంచి పెద్దాయన కేక.

"అక్కా, నీళ్లు మస్తు కాలుతున్నయి, జర తగ్గియ్యి."

"చల్లనీళ్లు కలుపుకో. గది గూడ ఫోనే చెయ్యాల్నా?"

నెల దాటింది, ఎవరూ పోలేదు. వాళ్ల షెడ్డువాళ్లు ఇంకొందరు వచ్చారు. హాల్లో ఇంకెన్ని పరుపులు పడతాయో నా కొడుకే కొలిచాడు. సెలవు రోజున ఫోన్ నొక్కి, వాడితోనే నా పెనిమిటి మంచం కూడా జరిపిస్తాను. ఎందుకమ్మా, ఎవరూ పడుకోరు కదా అంటాడు. ఫోన్ చెడిపోతే ఏ వారమో ఎలా తెలుస్తుందిరా అంటాను.

ఇగ చాలు. ఏం రాసినవో జర సదువు బిడ్డా. నీ మొగని ఆదివారం ముచ్చట తీసెయ్యలేదు కదా? మీ మామ నీళ్లు కాగాలె అన్నడు చూడు, గక్కడికెళ్లి సదువు.