గుమ్మం బయటే పరామర్శ

మా కొల్లేటి వైపు ఎవరికైనా దెబ్బ తగిలిందంటే చూడ్డానికి వెళ్ళడం మర్యాద. వెళ్ళకపోతే ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. వెళ్ళినవాళ్ళు ఊరికే కూర్చుని రారు. మంచం మీదే కూర్చోవాలి, దుప్పటి ఎత్తి కట్టు చూడాలి, చెయ్యి నిమరాలి, అచ్చం ఇలాంటి దెబ్బే తగిలి పోయినవాళ్ళ కథ ఒకటి చెప్పాలి. ఆ మర్యాదకి నేను అడ్డం పడ్డాను. నోరుగల కోడలని ముందునుంచీ పేరుంది కాబట్టి నాకు కొత్తగా పోయిందేమీ లేదు.

మా ఆయన చేపల చెరువుల మీద పని చూస్తారు. ఒక వానాకాలం పొద్దున మేత బస్తాలతో వెళ్తున్న ట్రాక్టరు గట్టు జారి చెరువులోకి ఒరిగింది. పక్కన కూర్చున్న ఆయన దాని కింద పడ్డారు. తొడ ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పక్కటెముకలు కూడా విరిగాయి. గాయం నిండా చెరువు బురద. ఏలూరు ఆసుపత్రికి చేర్చేసరికి కారు సీటంతా రక్తమే. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ఇప్పటికైతే ప్రాణభయం లేదనీ, కాలు నిలిచేదీ లేనిదీ తర్వాత చెబుతాననీ అన్నారు. ఆ "ఇప్పటికైతే" అన్న మాట నాకు నచ్చలేదు.

నచ్చకపోవడం సబబే అయింది. మా ఆయనకి జ్వరం వచ్చింది. అందరం కాలివైపే చూశాం. కట్టు విప్పితే గాయం శుభ్రంగానే ఉంది. తీరా చూస్తే ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది. కాలికి దెబ్బ తగిలితే గుండెల్లో నిమ్ము ఏమిటని డాక్టరుగారిని నిలదీశాను. ఆయన విసుక్కోకుండా నిలబడి చెప్పారు.

"దెబ్బ కాలికే తగిలిందని మీరనుకుంటున్నారమ్మా. ఒళ్ళంతటికీ తగిలింది. ఇంత పెద్ద దెబ్బకి రోగంతో పోట్లాడే శక్తి మొదట ఒక్కసారిగా రెచ్చిపోతుంది, ఆ తర్వాత డీలా పడిపోతుంది. మామూలప్పుడు మనల్ని ఏమీ చెయ్యలేని క్రిమి కూడా ఇప్పుడు గెలిచేస్తుంది."

దానికి తోడు పక్కటెముకల నొప్పికి మా ఆయన గట్టిగా ఊపిరి పీల్చడం లేదనీ, దగ్గి కఫం బయటికి తియ్యడం లేదనీ చెప్పారు. మందులు మార్చారు. గాలి పీలిస్తే లోపల బంతులు లేచే ప్లాస్టిక్ పరికరం ఒకటిచ్చి గంటగంటకీ పీల్పించమన్నారు. నేను పీల్పించాను. నొప్పని ఆయన మొహం అటు తిప్పుకుంటే నేనూ అటే వెళ్ళి నిలబడేదాన్ని. నిమ్ము తగ్గింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఇంకా కొన్ని వారాలు ఈ బలహీనత ఉంటుందనీ, ఈలోగా క్రిములు ఎముక దాకా చేరితే కాలు తీసెయ్యాల్సి రావచ్చనీ చెప్పారు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోకూడదు. జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళు గదిలోకి రాకూడదు. గుడ్లు, పప్పు, చేపలు బాగా పెట్టాలి. తిండి సంగతి తేలికే అనుకున్నాను. చేపల మధ్య బతికే ఇల్లు మాది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు బీరకాయ కూర, మిరియాల చారు చేసి ఉంచారు. మా వైపు కుట్లు పడిన మనిషికి పథ్యం అంటే అదే. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే పుండు మానదు, చేప పేరు ఎత్తనే కూడదు. ఆవిడకి కొడుకంటే ప్రాణం. ఆ ప్రేమతోనే చిక్కి సగమైన కొడుక్కి చారూ అన్నం పెట్టబోతున్నారు. డాక్టరుగారు ఇలా చెప్పారండీ అన్నాను. డాక్టర్లకి కోసి కుట్టడం తెలుసు గానీ పుండు మాన్పడం వాళ్ళకేం తెలుసని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే సరైన మాట దొరికింది.

"అత్తయ్యగారూ, వలలో నలిగిన చేపని మళ్ళీ చెరువులో వదిలితే ఏమవుతుందండీ?"

ఆవిడకి తెలియనిదా? వల లాగినప్పుడు ఎదగని చేపల్ని తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. పొలుసు రాలి నలిగిన చేప కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది. తర్వాత ఒంటిమీద ఎర్రగా పుళ్ళు లేచి చచ్చి తేలుతుంది. చెరువు అదే, నీళ్ళూ అవే, ఆ నీళ్ళలో క్రిములూ ఎప్పుడూ ఉన్నవే. నలగనంతకాలం అవి ఆ చేపని ఏమీ చెయ్యలేదు. అందుకే వల లాగిన తర్వాత మా మావగారు చెరువులో మందు వేయించి, కొన్నాళ్ళపాటు ఎవర్నీ నీళ్ళలో దిగనిచ్చేవారు కాదట. ఆ సంగతి నాకు చెప్పింది అత్తగారే.

"తేలిపోతుంది," అన్నారు నెమ్మదిగా.

మీ అబ్బాయి కూడా ఇప్పుడు అలా నలిగిపోయి ఉన్నారండీ అన్నాను. ఆవిడ కూర గిన్నె పక్కకి జరిపి, గుడ్లు ఎన్ని ఉడకబెట్టాలని అడిగారు.

ఇక ఆ మర్నాటినుంచి నాకంటే ఆవిడే గట్టి. పప్పు ముద్దగా కలిపి కొసరి కొసరి పెట్టేవారు. ముల్లు లేకుండా చేప ఒలిచి పెట్టేవారు. చూడ్డానికి వచ్చినవాళ్ళని వాకిట్లోనే కూర్చోబెట్టేవారు. ఒకరోజు తాడేపల్లిగూడెం నుంచి మా ఆయన పెదనాన్నగారు కారు నిండా మనుషులతో, బ్రెడ్డు, యాపిల్ పళ్ళు, కొబ్బరిబోండాలతో దిగారు. అత్తగారికి ఆయన బావగారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు, ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచే. అలాంటిది ఆవేళ గడపకి అడ్డంగా నిలబడ్డారు.

"గదిలోకి వద్దండి బావగారూ. కిటికీలోంచి చూసి వెళ్ళండి. వాడు లేచాక మీ ఇంటికే పంపిస్తాను, తనివితీరా చూసుకోండి."

ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ కోపం ఇప్పటికీ ఉంది, ఉండనివ్వండి. నేను మాత్రం వంటింట్లో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాను. పెళ్ళయ్యాక మా అత్తగారు నాకు అంతగా నచ్చిన రోజు మరొకటి లేదు.

చలి ముదిరాక ఆవిడకే దగ్గు పట్టింది.

ఊరందరినీ ఆపాను గానీ, తల్లిని కొడుకు దగ్గరికి వెళ్ళొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మాటలు కూడదీసుకుని బయటికి వచ్చేసరికి ఆవిడ అప్పటికే మడత మంచం, తన కంచం, గ్లాసు వరండాలోకి చేర్చుకున్నారు.

"నన్ను రానివ్వకు అమ్మాయ్. బతిమాలినా రానివ్వకు," అన్నారు.

ఆవిడ బతిమాలారు కూడా. కట్టు మార్చే నర్సమ్మ వచ్చినప్పుడు నొప్పికి మా ఆయన అమ్మా అని అరిచారు. అత్తగారు గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి, ఒక్కసారి చూసి వెళ్ళిపోతానని నా చెయ్యి పట్టుకున్నారు. నేను రానివ్వలేదు. ఆవిడ అక్కడే గోడకి చేరగిలబడి కూర్చున్నారు. గదిలోంచి ఆయన, బయటినుంచి ఆవిడ, ఇద్దరూ నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనిమ్మని ఊరుకున్నాను. నేను చేస్తున్నది సరైన పని, ఆ సంగతి నాకు తెలుసు.

కాలు నిలిచింది. ఎముక అతుక్కుంటోందనీ, ఇన్ఫెక్షన్ జాడ లేదనీ డాక్టరుగారు ఎక్స్‌రే ఫోటో చూపించి చెప్పారు. ఆ సాయంత్రం మా ఆయన వాకర్ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. అత్తగారి దగ్గు తగ్గి వారం దాటింది. అయినా ఆయన్ని చూడగానే ఆవిడ గభాలున లేచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, వరండా చివరిదాకా వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన అమ్మా అన్నారు. ఆవిడ ఆయన వైపు కాదు, నా వైపు చూశారు.

"వెళ్ళనా అమ్మాయ్?" అని అడిగారు.

కన్నకొడుకు దగ్గరికి వెళ్ళడానికి ఆవిడ నన్ను అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను.