అమ్మ గడ్డం మీది పుట్టుమచ్చ

మా తమ్ముడు స్టూడియోలో పాత ఫొటోల మీద మరకలు తుడిచే పనివాడు. చిన్న చుక్క కనిపించినా వాడి చెయ్యి ఊరుకోదు. మా చిన్నప్పుడే పోయిన అమ్మకు ఉన్నది ఒక్కటే ఫొటో. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాక ఫ్రేములోంచి తీయబోతే, అద్దానికి అతుక్కుని పీలికలైపోయింది.

ఆ వారమే కంప్యూటర్ తెర మీద చారలు, చుక్కలు మొదలయ్యాయి. ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోయేది. అమ్మ ఫొటో మీద చేసిన పని పోతుందని వాడు తెర మీది బ్రష్ కదిపినప్పుడల్లా పాతదాన్ని చెరిపేస్తూ దాని మీదే సేవ్ చేశాడు. చుక్కలు ఒకచోట పోయి ఇంకోచోట తేలుతున్నా తుడుస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్, ముందు ఆ కంప్యూటర్‌ను రిపేరుకు చూపించు," అన్నాను.

"నీకేం తెలుసక్కా? ఇవి ఫొటోలో మరకలే," అని కసిరాడు.

మర్నాడు రిపేరు చేసే అమ్మాయి వచ్చి, తెరను నడిపించే డ్రైవర్ పాడైందని కొత్తది వేసింది. చుక్కలన్నీ పోయాయి. అమ్మ గడ్డం మీది పుట్టుమచ్చా పోయింది.

"మళ్ళీ పెడతాలే అక్కా," అన్నాడు.

"ఎటువైపు పెడతావురా?"

ఇద్దరికీ గుర్తురాలేదు.

ఇప్పుడు ఎవరి ఫొటో వచ్చినా, "ఇది మరకా, మచ్చా అండీ?" అని అడిగాకే వాడు బ్రష్ పడుతున్నాడు. ఆ ముక్క ఆరోజు నన్నడిగి ఉంటే ఏం పోయేది?