పిండకూడని పొత్తిగుడ్డలు

కోవూరు దూదేకుల వీధిలో చంటిబిడ్డల గుడ్డల సంగతి వస్తే ఇమాంబీ మాటే మాట. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, మంత్రసాని బొడ్డు కోసి చేతులు కడుక్కునేలోగా ఇమాంబీ వచ్చి గడప దగ్గర కూర్చునేది. ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. పిలవాలో వద్దో ఎవరికైనా తోచేలోపే వచ్చేసి ఉండేది. ఆరుగుర్ని కని ఆరుగుర్నీ దక్కించుకున్న మనిషి కాబట్టి ఆమెను వెళ్ళిపొమ్మనడానికి ఎవరికీ నోరు రాదు.

బిడ్డ మొలకు కట్టే పొత్తిగుడ్డలు కొత్త బట్టతో చేయకూడదనీ, కట్టి కట్టి మెత్తబడిన చీరనో పంచెనో చించి చేయాలనీ ఆమె చెప్పేది. ఆరేసిన గుడ్డల్ని పొద్దు వాలకముందే లోపలికి తెచ్చెయ్యాలనీ, గూటికి పోయే పక్షుల నీడ వాటిమీద పడితే బిడ్డ చిక్కిపోతుందనీ చెప్పేది. ఇవి వీధిలో అందరికీ తెలిసినవే. తెలిసినవాటినే మళ్ళీ చెప్పించుకోవడం వాళ్ళకూ అలవాటైపోయింది. ఇమాంబీ సొంతమని చెప్పుకోదగ్గది ఒక్కటే. ఉతికిన పొత్తిగుడ్డను పిండకూడదు. నీళ్ళు కారుతుండగానే రెండు కొసలూ పట్టుకుని దండెం మీద వెయ్యాలి. ఇక్కడ గుడ్డను మెలితిప్పితే అక్కడ బిడ్డ కడుపులో పేగు మెలిపడుతుంది.

"అదెట్టా తెలుసు నీకు?" అని ఎవరన్నా అడిగితే, "మా అత్త చెప్పింది" అనేది. అత్త పోయి పదిహేనేళ్ళయింది. ఇక అడిగేదానికేముంది?

పిండకుండా ఆరేసిన గుడ్డ ముడత లేకుండా ఇస్త్రీ చేసినట్టు ఆరుతుంది. ఇమాంబీ ఇంటి దండెం చూసి నెల్లూరు నుంచి పరుపులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకునేవారు. ఆమె భర్త షావలి దూది ఏకి పరుపులు కుడతాడు. వాళ్ళు మెచ్చుకోవలసింది పరుపుల్ని కదా అని ఆయన లోలోపల అనుకునేవాడు.

పక్కిల్లు లాల్‌బీది. పోయిన ఎండాకాలంలో లాల్‌బీ తన మనవడి గుడ్డ ఉతికి, ఎవరూ చూడట్లేదనుకుని ఒక్క మెలి తిప్పింది. పిట్టగోడకు అవతలే ఇమాంబీ ఉంది.

"ఏమ్మే లాల్‌బీ, పిండేది గుడ్డనా, బిడ్డ పేగునా?"

"గట్టిగా పిండలేదు వదినా, ఊరికే అట్టా..."

"ఊరికే అట్టానే ఏడుస్తాడు చూడు రేపటికి."

మర్నాడు వాడు ఏడ్చాడు. అంతకుముందు రోజూ ఏడ్చాడు, ఆ మర్నాడూ ఏడ్చాడు. కానీ ఇమాంబీ చెప్పాక ఏడ్చిన ఏడుపే వీధికి గుర్తుండిపోయింది. ఆనాటి నుంచి ఆ పిల్లవాడు నోరు తెరిస్తే చాలు, "మళ్ళా పిండినట్టుండారే" అని నాలుగిళ్ళ అవతలి నుంచి మాట వచ్చేది. లాల్‌బీ అది మనసులో పెట్టుకుంది.

అరవై మూడో సంవత్సరం నవంబరులో ఇమాంబీ చిన్న కూతురు ముంతాజ్ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి మగబిడ్డను కన్నది. తన ఇంట్లోనే బిడ్డ. ఇక చెప్పడానికి పక్కిళ్ళకు పోనక్కర లేదు. రెండు పాత చీరలూ, షావలి పంచె ఒకటీ చించి ముప్పయ్యెనిమిది గుడ్డలు సిద్ధం చేసింది. పంచె చించినప్పుడు షావలి అది ఇంకా పాతది కాలేదన్నాడు. అయిందని ఇమాంబీ తేల్చింది.

బిడ్డకు ఎనిమిదో రోజు రాగానే సముద్రం మీద వాయుగుండం పడి ముసురు పట్టింది. వాన వదలదు, ఎండ మొహం చూపించదు. బుడ్డోడు మాత్రం వానతో పోటీ పడ్డట్టు రోజుకు ఇరవై గుడ్డలు తడిపాడు. వసారా నుంచి వంటింటి దాకా తాళ్ళు కట్టారు. దూది ఏకే విల్లును వేలాడదీసే కొక్కేనికి కూడా తాడు కట్టారు. ఎటూ చెమ్మకు దూది ఏకడం కుదరదు కాబట్టి విల్లు ఒక మూలకు చేరింది. పిండని గుడ్డలు తాళ్ళ మీద నుంచి రాత్రనకా పగలనకా కారుతూనే ఉన్నాయి.

షావలి అన్నం ముందు కూర్చుంటే పైనుంచి చారులోకి చుక్కలు పడుతున్నాయి.

"ఏందే ఇది, బయట వాన నిలిచినా ఇంట్లో నిలిచేటట్టు లేదే!"

"తట్ట పక్కకి జరుపుకో. గుడ్డ జరిపేదానికి లేదు."

"నా పంచే కదా అది. నా మీద కసి తీర్చుకుంటాంది."

ఇమాంబీ కుంపటిలో నిప్పులు వేసి, పైన వెదురుగంప బోర్లించి, దానిమీద గుడ్డలు పరిచింది. ఒక్క వాయికి నాలుగు ఆరతాయి. ఆ నాలుగూ ఆరేలోగా బుడ్డోడు అయిదు తడుపుతాడు. తొందరపడి నిప్పులు పెంచితే ఒక గుడ్డ మధ్యలో కాలి చిల్లు పడింది. పక్షుల నీడ పడకుండా పొద్దు వాలకముందే గుడ్డలు తీసెయ్యాలన్న మాట ఒక్కటే ఆ వారంలో తేలిగ్గా చెల్లింది. పక్షులు గూళ్ళు వదిలి రాలేదు.

నాలుగో రోజుకి పొడిగుడ్డ అన్నది ఇంట్లో లేదు. చెమ్మగుడ్డలే కట్టారు. బిడ్డ గజ్జల్లో ఒరుసుకుపోయి ఎర్రగా కందింది. కొబ్బరినూనె రాస్తే ఒక నిమిషం ఊరుకుంటాడు, గుడ్డ తగలగానే కేర్‌మంటాడు.

"మా, తొడలు చూడు ఎట్టా అయిపోయినాయో!" అంది ముంతాజ్. "తడిగుడ్డ కట్టేదానికన్నా ఒక్కసారి పిండి ఆరేస్తే పోలా?"

"నోర్ముయ్! నాలుగు రోజులు ఓర్చుకోలేవా?"

"ఓర్చుకోవాల్సింది నేను కాదు, వాడు."

ఇమాంబీ కూతురి మీద కోపం తెచ్చుకుని విసనకర్రతో కుంపటి విసరడం మొదలుపెట్టింది.

లాల్‌బీ రోజూ నెత్తిన గోనె వేసుకుని పలకరించడానికి వస్తోంది. లోపలికి పిలవకపోతే గడపలోనే నిలబడుతుంది.

"బుడ్డోడు ఒకటే ఏడుస్తాండాడే వదినా. కడుపునొప్పేమో. నువ్వు పిండలేదు కదా?"

"పాలు చాలక" అంది ఇమాంబీ.

గదిలో పాలు పొంగి రవిక తడిసిపోతున్న ముంతాజ్ పళ్ళు కొరికింది.

అయిదో రోజు మధ్యాహ్నం బిడ్డ గొంతు బొంగురుపోయింది. ఇమాంబీ వాడి తొడలు మళ్ళీ ఒకసారి చూసింది. ఎర్రగా ఉన్నచోట తోలు లేచి నీరు కారుతోంది. ఆమె లేచి వీధి తలుపు గడియ పెట్టింది. లాల్‌బీ ఇంట్లో అన్నాల వేళ అని పిట్టగోడ మీదుగా చూసి ఖాయం చేసుకుంది. గుడ్డల బక్కెట్టు తీసుకుని వసారా పక్కనున్న దూదికొట్టులోకి వెళ్ళి ఆ తలుపు కూడా మూసింది.

మొదటి గుడ్డను సగం మెలి తిప్పి ఆగింది. చెవులు రిక్కించి విన్నది. గదిలో బిడ్డ కొత్తగా కేక పెట్టలేదు, పాత ఏడుపే ఏడుస్తున్నాడు. ఇంకో సగం తిప్పింది. అదే ఏడుపు. అప్పుడిక పళ్ళ బిగువున పిండింది. బక్కెట్టులోకి ధారగా దిగిన నీళ్ళు చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. ఒక్క గుడ్డలో ఇన్ని నీళ్ళా!

"అట్టా పిండాలి" అని దూదిబస్తాల మీద నుంచి మాట వినిపించింది.

చారులో చుక్కల బాధ పడలేక షావలి అక్కడికొచ్చి పడుకున్నాడు. ఇమాంబీ గుడ్డ గుండెకు అదుముకుంది.

"నీ కాళ్ళు మొక్కుతా, ఎవరికీ చెప్పబాక. అత్త మాట తప్పినాను. బిడ్డకేమన్నా అయితే..."

షావలి లేచి కూర్చున్నాడు. నవ్వు ఆపుకోవడానికి కొంచెం సేపు దగ్గాడు.

"మా అమ్మకి కుడి మణికట్టు విరిగింది, తెలుసు కదా నీకు?"

"తెలుసు. పరుపు మోస్తా అరుగు మీద నుంచి పడిందంట."

"కట్టు కట్టినారు గానీ సరిగా అతుక్కోలా. గుడ్డ మెలితిప్పాలంటే ప్రాణం పోయేది పాపం. నీళ్ళు కారతా ఆరేస్తాంటే సోమరిముండ అంటారని, బిడ్డ పేగు మెలిపడతాదని ఒక మాట పుట్టించింది. నాకప్పుడు పదేళ్ళు. నా ఎదురుగానే చెప్పింది మా మేనత్తతో."

ఆరుగురు బిడ్డలు. ముప్పయ్యేళ్ళ వానాకాలాలు. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క ముసురులో ఎట్టా ఏడ్చిందీ ఇమాంబీకి గుర్తొచ్చింది. అప్పుడూ పాలు చాలకే అనుకుంది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలా?"

"నువ్వు అడగలా. వీధిలో ప్రతి ఇంట్లో ఏం జరగతాందో అడగతావు. మనింటి సంగతి ఎప్పుడన్నా అడిగినావా?"

అదే సమయానికి వీధి తలుపు చప్పుడైంది. ఇమాంబీ చేతిలో గుడ్డ ఉన్న సంగతి కూడా మరచి వెళ్ళి గడియ తీసింది. ఎదురుగా లాల్‌బీ, చంకలో ఒక మూట.

"వదినా, మా వోడి గుడ్డలు ఎనిమిది ఉండాయి. వాడికిప్పుడు పనిలేదు. బాగా ఆరినవే, మెత్తగా ఉంటాయి" అని ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా అంది, "కాకపోతే పిండినవి. నువ్వు తీసుకుంటావో లేదో."

నిజానికి అందులో జాలీ ఉంది, ఎండాకాలం నాటి బాకీ కూడా ఉంది. ఏది ఎంతో లాల్‌బీకే తెలియదు. లోపల బిడ్డ బొంగురు గొంతుతో ఏడుస్తున్నాడు. ఇమాంబీ చెయ్యి చాపి మూట లాక్కున్నంత పని చేసి, ముంతాజ్ ఒళ్ళోకి విసిరింది.

"తడిది విప్పి ఇది కట్టు. త్వరగా!"

ఆ చెయ్యి చాపడంలోనే రెండో చెయ్యి బయటపడింది.

"అదేంది వదినా, నీ చేతిలో గుడ్డ తాడు మాదిరి ఉందే?"

షావలి దూదికొట్టు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇమాంబీ చేతిలోని గుడ్డ వంక, లాల్‌బీ వంక చూసింది. రెప్ప వెయ్యలేదు.

"ముసురు పట్టినప్పుడు పిండచ్చు. అత్త చెప్పిందే. కాకపోతే ఎడమకి తిప్పాల. కుడికి తిప్పితేనే మెలిపడేది."

"ఎడమకా?"

"నువ్వు ఎండాకాలంలో ఎటు తిప్పినావు?"

లాల్‌బీ రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, లేని గుడ్డను పిండి చూసుకుంది. మొహం వాడిపోయింది.

"కుడికే వదినా."

"చూస్తివా మరి!"

గెలవడానికి వచ్చిన లాల్‌బీ, వానలో గోనె కింద చేతులు ఎడమకు తిప్పుకుంటూ ఇంటికి పోయింది. ఆమె ఇచ్చిన గుడ్డలో బుడ్డోడు సాయంత్రం నమాజు దాకా కదలకుండా నిద్రపోయాడు. ఆ గుడ్డలన్నీ కుడికి పిండినవే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ముసురు వదిలేసరికి బిడ్డ తొడలు మానాయి. వీధిలో ఆడవాళ్ళందరూ ఎడమకు పిండడం నేర్చారు. నేర్పింది లాల్‌బీయే. ఇమాంబీకి ఒక్క గడప ఎక్కే పని కూడా తగల్లేదు. కుడిచేతి వాటం వాళ్ళకు మొదట్లో మణికట్లు నొప్పి పుట్టాయి. చంటిబిడ్డల కోసం ఆ మాత్రం పడాలి కదా అనుకున్నారు.

ఎండ వచ్చిన రోజు షావలి విల్లును కొక్కేనికి తగిలిస్తూ భార్యను అడిగాడు.

"పిండేది సరే. ఎడమకే ఎందుకంట?"

ఇమాంబీ గుడ్డను ఎడమకు మెలితిప్పి, విదిలించి, దండెం మీద పరిచింది.

"మీ అమ్మకి విరిగింది కుడిచెయ్యి కదా" అంది.