సమాధుల తోటలో నీటిమట్టం

తాతను సొంత ఊళ్లో పాతిపెట్టలేకపోయారన్న బాధ ఇంకా తీరని మనిషి ఆ ఊరి వరదను కొలిస్తే, ఆ కొలతను మీరు నమ్ముతారా, నమ్మరా?

నమ్మకూడదనే మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది నేర్పుతారు. పరిశోధకులకు విషయంతో చుట్టరికం ఉండరాదట, ఉంటే దాచుకోవాలట. పెర్సిస్ ఆరేళ్లు దాచుకున్నారు.

ఆమె తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో భూగోళశాస్త్రం బోధిస్తారు. కాపురం ఏలూరులో. కొల్లేటి అంచు గ్రామాల్లో తొంభై ఏళ్ల వరదల మీద ఆమె రాసిన సిద్ధాంత గ్రంథంలో సగానికి పైగా ఉదయం రైలులో, ఒళ్లో పరీక్షల అట్ట పెట్టుకుని రాసినదే. ఆ గ్రంథం సమర్పించేనాటికి ఆమెకు నలభై ఆరేళ్లు.

పుట్టిన ఊరు పెదపాడుకు దిగువన, కొల్లేటిని ఆనుకున్న చిన్న లంక. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, అక్టోబరు నెలలో, తాత యోబు చనిపోయాడు. మామ్మ సమాధి పక్కనే తన సమాధి ఉండాలని ఆయన కోరిక. కాని చర్చి వెనక ఉన్న సమాధుల తోట అప్పటికే నీట మునిగింది. రెండు దోనెలు జోడించి కట్టి, వాటి మీద పెట్టెను ఎక్కించి, మూడు గంటలు ప్రయాణించి పెదపాడులో భూస్థాపన చేశారు. దారిలో ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కటే: తోటలో ఎన్ని నీళ్లున్నాయి? ఎవరూ చెప్పలేదు. ఏడ్చేవాళ్లను నీటి లోతు అడిగితే ఎవరు మాత్రం చెబుతారు?

చాలా ఏళ్ల తరువాత ఆమె చర్చిలో భూస్థాపనల రిజిస్టరు తెరిచారు. పేరు, వయసు, తేదీ, స్థలం. రెండు వందల పన్నెండు పేర్లలో ముప్పై ఎనిమిదింటికి ఎదురుగా స్థలం దగ్గర ‘పెదపాడు’ అని ఉంది. బయటి మనిషి చూస్తే వాళ్లు పెదపాడు వాళ్లనుకుంటాడు. ఆ ఊరి పిల్ల అలా అనుకోదు. తోట ఎత్తును ఆమె పరికరంతో కొలిచారు. ఆ ముప్పై ఎనిమిది తేదీల్లోనూ నీరు కనీసం ఆ ఎత్తుకు చేరిందని నాలుగో అధ్యాయంలో నిరూపించారు. పాత నీటి కొలతలు దొరకని ఏళ్లకు కూడా ఇప్పుడు ఒక సాక్ష్యం ఏర్పడింది. ఆ అధ్యాయం నిలవకపోతే గ్రంథమే నిలవదు.

పర్యవేక్షకుడు భానుప్రకాష్ గారికి అధ్యాయం నచ్చింది. దాని వెనక కథే ఆయనను భయపెట్టింది.

“ఏవండీ, మా ఊరు, మా చర్చి, మా తాత అని ఎక్కడా అనకండి. ఇంటి దుఃఖానికి గ్రాఫు గీసుకున్నారంటారు.”

“అడిగితేనండీ?”

“అడగరు లెండి.”

అడిగారు. మౌఖిక పరీక్ష రోజున హాలు నిండుగా ఉంది. వెనక వరుసలో పెర్సిస్ తండ్రి విశ్వాసం, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చేతులు కట్టుకుని కూర్చున్నారు. వేరే విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకురాలిగా వచ్చిన సీతారత్నం గారు నాలుగో అధ్యాయం దగ్గరే ఆగారు.

“వానాకాలంలో దారి బురదగా ఉంటుంది కదమ్మా. అందుకే పెదపాడు తీసుకెళ్లారేమో?”

“ఊరి తోట చర్చి వెనకేనండీ. ఎంత బురదైనా నూరడుగులు నడిస్తే చాలు. పెదపాడు దోనె మీద మూడు గంటలు. శవాన్ని పెట్టుకుని వానలో మూడు గంటలు ఎవరూ సరదాకి వెళ్లరండీ.”

హాలులో నవ్వులు. సీతారత్నం గారు నవ్వలేదు.

“అంత గట్టిగా చెబుతున్నారు. మీరేమైనా చూశారా?”

భానుప్రకాష్ గారు తల దించుకున్నారు. పెర్సిస్ బల్ల అంచు పట్టుకున్నారు.

“చూశానండీ. ఆ జాబితాలో ఇరవై తొమ్మిదో పేరు మా తాతది. ఆ దోనె మీద నేనున్నాను.”

“ఈ మాట గ్రంథంలో లేదేం?”

“దాచానండీ.”

“అయితే మీ నిష్పాక్షికత మాటేమిటి?”

ఆమె జవాబిచ్చేలోగా వెనక వరుసలో విశ్వాసం లేచి నిలబడ్డారు. “ఆ రోజు గెడ వేసి దోనె నడిపింది నేనండీ అమ్మగారూ. దారి పొడుగునా ఎన్ని నీళ్లు, ఎన్ని నీళ్లు అని నా బుర్ర తినేసిందండీ ఇది.”

“ఇప్పుడు మా వంతు వచ్చిందన్నమాట,” అన్నారు సీతారత్నం గారు, ఈసారి నవ్వుతూ. “మీరు కూర్చోండి. అమ్మా, మీ తాతగారి పేరు తీసేస్తే ఏం మిగులుతుంది?”

బంధువైన సాక్షిని న్యాయస్థానం బంధుత్వం పేరుతోనే వెళ్లగొట్టదు; ఇంకాస్త జాగ్రత్తగా పరిశీలిస్తుంది. ఆ పరిశీలన పెర్సిస్ తన మీద తానే చేసుకుని వచ్చారు. సంచిలోంచి ఒక కాగితం తీశారు. తాత పేరునే కాదు, తనకు ఏ వరస కలిసినా సరే, ఆ పేర్లన్నీ కొట్టేశారు. పదకొండు పోయాయి, ఇరవై ఏడు మిగిలాయి. వాటిలో పాత నీటి కొలతలు దొరికిన తేదీలు పదిహేడు. పదిహేడింటిలోనూ నీరు తోట ఎత్తును దాటే ఉంది.

సీతారత్నం గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి పక్కవారికి అందించారు. పావుగంటలో ఫలితం ప్రకటించారు. ఏకగ్రీవం.

“దోనె సంగతి మొదటి పేజీలో పెట్టండి,” అన్నారామె లేస్తూ. “సంబంధం ఉన్నందుకు నాకు అనుమానం రాలేదమ్మా. దాచినందుకు వచ్చింది.”

మెట్ల మీద తండ్రి కూతురి చెయ్యి పట్టుకున్నారు. “ఇంతకీ ఆ రోజు ఎన్ని నీళ్లే?”

“తోట మీద మూడడుగుల రెండంగుళాలు, నాన్నా.”

“అంతే ఉంటాయి,” అన్నారు విశ్వాసం, అప్పుడే తాను కొలిచి వచ్చినట్టు.

ఆ ఆదివారం ఆమె విజయానికి లంక చర్చిలో కృతజ్ఞతా కూడిక జరిగింది. ముప్పై మూడేళ్లుగా రిజిస్టరు రాస్తున్న సంఘపెద్ద కృపావరం ఆ పుస్తకాన్ని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు.

“చూపు ఆనట్లేదమ్మా. మొన్న తొంభై ఏళ్ల ముసలాయనకి పంతొమ్మిది వేశాను. ఆయన కోడలు నన్ను ఇంకా వదల్లేదు. ఇక నువ్వు రాయి.”

భానుప్రకాష్ గారు ఫోనులోనే గాభరా పడ్డారు. “ఒప్పుకోకండి. మీ చేత్తో రాసిన రికార్డు మీద మీరే వ్యాసాలు వేస్తే ఎవరు నమ్ముతారు? ఇందులో ఇంకా నాలుగు వ్యాసాలకి సరుకుందండీ.”

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే పెర్సిస్ రెండు వారాలు ఆలోచించారు. ఆ తరువాత తన నకళ్లూ లెక్కలూ అన్నీ కట్టకట్టి, ఆ నాలుగు వ్యాసాలూ నువ్వే రాసుకోమని, కొత్తగా పరిశోధనలో చేరిన తన పాత విద్యార్థిని తేజస్వికి అప్పగించారు. ఆ పుస్తకం మీద ఇక తాను పరిశోధన చేయనని భానుప్రకాష్ గారికి ఉత్తరం రాశారు. అదే వారం లంకకు వెళ్లి, రిజిస్టరులో ‘స్థలం’ పక్కన ఇంకొక గడి గీసి, ‘ఆనాటి నీరు’ అని శీర్షిక పెట్టి, రాసే బాధ్యతను తీసుకున్నారు.