ఐదు నిమిషాలు కూర్చోమన్న ఆంటీ

గత ఆదివారం బీపీ మాత్రల కోసం వెళితే, మా షిప్‌యార్డు దగ్గర, సెంబవాంగ్ మందుల షాపులో ఆంటీ కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. ఆంటీ ఏరని అడిగాను. మంగళవారం పోయారని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. మాత్రలు తీసుకోకుండానే బయటికొచ్చేశాను.

ఆంటీ ఆ షాపులో ఫార్మసిస్టు. హైదరాబాదు నుంచి ఈ దేశం వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబం. నేను షిప్‌యార్డులో వెల్డర్ని, మాది శ్రీకాకుళం వైపు. మూడేళ్ళ క్రితం తలనొప్పి మాత్ర కోసం వెళ్ళాను. నా ఇంగ్లీషు విని ఆమె తెలుగులోకి మారిపోయారు.

"ఎన్ని రోజుల సంది నొప్పి, బేటా? జర కూర్చో. ఐదు నిమిషాలైనంక బీపీ చూస్తా."

మాత్ర ఇచ్చి పంపకుండా ఇదంతా ఎందుకనుకున్నాను. బీపీ మిషను అమ్మడానికేమో అని కూడా అనుమానపడ్డాను. రెండుసార్లు చూశారు. అంకె పైకి చదవలేదు. నా వెనక మా యార్డువాళ్ళు నిలబడి ఉన్నారని గమనించారు కాబోలు, కాగితం మీద రాసి నా వైపు తిప్పారు.

"ఎక్కడా రాయకండి ఆంటీ. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపేస్తారు," అన్నాను.

"నీ కంపెనీకి నేనెందుకు చెప్తా? నువ్వు డాక్టరుకు చూపెట్టు. నీ ఇంటామెకు చెప్పు."

రెండూ చేయలేదు. నెల తిరక్కుండానే, ఓడ పక్కన పరంజా మీద ఉండగా కళ్ళు చీకట్లు కమ్మాయి. తోటివాడు బెల్టు పట్టి లాగకపోతే ఇవాళ ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. ఆ ఆదివారం వెళ్ళి ఆంటీకి చెప్పాను. తిట్టలేదు. కౌంటరు ఇంకొకరికి అప్పగించి, నాతోపాటు క్లినిక్కు దాకా నడిచి వచ్చారు.

అప్పటి నుంచి నెలకోసారి ఆమె దగ్గర కూర్చునేవాణ్ణి. డాక్టరు ముందు అన్నిటికీ తలూపి వచ్చేసే నేను, ఆమెకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. ఇంటి నుంచి వచ్చే ఆవకాయ సంగతి కూడా.

"మానేయమంటే మానవు. చిన్న చెంచాతో వేసుకో," అన్నారు.

ఒకసారి బాగానే ఉన్నానని మాత్రలు ఆపేశాను. వేసుకుంటున్నానని చెబితే, అంకె చూసి నవ్వారు. "నాకు అబద్ధం చెప్పొచ్చు గానీ, మిషనుకు చెప్పలేవు బేటా."

ఈ ఏడాది ఆమె చిక్కిపోయారు. నా చేతికి బీపీ పట్టీ చుడుతుంటే వేళ్ళు వణకడం చూశాను. నిద్ర పడుతోందా, ఇంటికి ఫోన్ చేశావా అని ప్రతిసారీ ఆమె అడిగారు. మీకెలా ఉందని నేను ఒక్కసారీ అడగలేదు. తర్వాత తెలిసింది, క్యాన్సరట. పోయిన నెల దాకా పనిలోకి వచ్చారట. ఇప్పుడు ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది.

నిన్న సెలవు పెట్టి, ఆమె దగ్గర బీపీ చూపించుకున్న మా గదివాళ్ళిద్దరితో కలిసి శ్మశానానికి వెళ్ళాను. ఆంటీ భర్త సమాధి దగ్గరే ఉన్నారు. మమ్మల్ని చూసి, "యార్డు పిల్లలు మీరేనా? మీ గురించి ఇంట్లో చెప్పేది," అన్నారు.

అంతలో వాన మొదలైంది. మేము చెట్టు కిందికి పరిగెత్తాం. అంకుల్ కదల్లేదు. చేతిలోని గొడుగు విప్పి, తాను తడుస్తూ, దాన్ని ఆ కొత్త మట్టి మీద పట్టుకుని నిలబడ్డారు.