ఆకుపచ్చ వరసలో పసుపు పెంకు

ఆర్పాద్ చెప్పిన అబద్ధాలన్నీ పేర్చితే డాన్యూబ్ నదికి అడ్డుకట్ట వేయొచ్చని వాళ్ళ ఊళ్ళో అనేవారు. అందులో కొంత అతిశయోక్తి ఉంది. సగం నదికి మాత్రమే సరిపోతాయి.

ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. పని, ఇళ్ళ పైకప్పులకు పెంకులు పరచడం. ఊళ్ళో ఆయన మోకాళ్ళు మోపని కప్పు లేదు. ఆ మాట ఎవరూ కాదనరు. నమ్మనిది ఒక్క కథనే. ఇరవై రెండేళ్ళప్పుడు బుడాపెస్ట్‌లో ఒక పెద్ద చర్చి కప్పు మీద పనిచేశాననీ, ఆకుపచ్చ పెంకుల నాలుగో వరసలో ఒకే ఒక్క పసుపు పెంకు పెట్టాననీ, అది ఇప్పటికీ అక్కడే ఉందనీ చెప్పేవాడు. యాభై ఏళ్ళుగా చెప్పిన కొద్దీ కథ బలిసింది. మొదట్లో గాలి వీచేది. తరువాత తుఫాను అయింది. ఆ మధ్య పిడుగు కూడా పడింది. నిరుటి నుంచి కింద బిషప్‌గారు నిలబడి దేవుణ్ణి వేడుకుంటున్నారు. చివరికి సారాకొట్టులో ఎవరు కోతలు కోసినా, "ఇదిగో ఇంకో ఆర్పాద్ పెంకు!" అనడం అలవాటైపోయింది.

తన పేరు అబద్ధానికి మారుపేరు కావడం ఆయన్ని లోలోపల గుచ్చుతూ ఉండేది.

ఆ ఫిబ్రవరిలో విల్మోష్ పందెం కట్టాడు. విల్మోష్ ఊరి రొట్టెల దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, ఆర్పాద్‌కు చిన్ననాటి స్నేహితుడు. "పద, చూసొద్దాం. పెంకు లేకపోతే శనివారం సారాకొట్టులో బల్లెక్కి, యాభై ఏళ్ళు అబద్ధమాడానని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఉంటే నేనే ఎక్కి, నీది నిజమని ఒప్పుకుంటాను." తీర్పరిగా ఊరి బడిలో పాఠాలు చెప్పిన ఎటెల్క టీచరు నాటకాలు చూసేందుకు వాడే తన దుర్భిణితో సహా బయల్దేరింది.

పొద్దున్నే బుడాపెస్ట్‌లో రైలు దిగి ముగ్గురూ డాన్యూబ్ వంతెన మీద నడిచారు.

"ఏరా, ఈ వంతెన కూడా నువ్వే కట్టావా?" అన్నాడు విల్మోష్.

"లేదురా. ఈ రాతి సింహాలకి నాలుకలు పెట్టడం మర్చిపోయింది మాత్రం మా మేస్త్రీయే."

పైకి నవ్వాడు గానీ, ఆర్పాద్ అడుగడుగుకీ వెనకబడుతున్నాడు. పిడుగులూ బిషప్పులూ వచ్చి చేరాక అసలు కథేదో ఆయనకే మసకబారింది. పెంకు నిజంగా పెట్టాడా? ఆ సంగతి అడగడానికి అప్పటి పనివాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

చర్చి ముందుకొచ్చి తలెత్తారు. కప్పంతా జానెడు మంచు.

"ఆహా! పసుపంటే ఇంత తెల్లగా ఉంటుందా?" విల్మోష్ నూనెలో వేయించిన వేడి లాంగోష్ రొట్టె కొనుక్కుని, మీగడ కారుతుంటే కొరికాడు. "ఒంటిగంటకి రైలు. బల్లెక్కే ముందు మోకాళ్ళు కాస్త సాగదీసుకో."

ఆర్పాద్ చూరు వైపు చూశాడు. ఎండ పడుతున్న పక్క నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఆ చుక్కలు చూడగానే మనసుకన్నా ముందు మోకాళ్ళకు గుర్తొచ్చింది. మధ్యాహ్నం గంట మోగితే దూలాలు అదిరేవి. ఎండకు వదులైన మంచు ఒక్కసారిగా జారేది. పన్నెండు కాకముందే అందరినీ తాళ్ళు పట్టుకోమని మేస్త్రీ అరిచేవాడు.

"పన్నెండు దాకా ఆగు," అన్నాడు.

"ఎందుకు? బిషప్‌గారొచ్చి ఊడుస్తారా?"

"బిషప్ లేడు. తుఫానూ లేదు. నిజం చెప్పనా టీచరుగారూ? పందికొవ్వూ ఉల్లిపాయా తిందామని కూర్చున్నాను. కూర్చున్నది ఆఖరి ఆకుపచ్చ పెంకు మీద. ఫెళ్ళుమంది. మేస్త్రీ చూడకుండా పసుపుది దోపేశాను."

ఎటెల్క ఆయన్ని ఎగాదిగా చూసింది. "యాభై ఏళ్ళలో ఇవాళే నీ మాట నమ్మబుద్ధవుతోందయ్యా."

గంట మొదలైంది. నగరమంతా గంటలే. ఒక నిమిషం గడిచింది. మంచు కదల్లేదు. ఆర్పాద్ టోపీ తీసి చేతుల్లో నలిపేస్తున్నాడు. అప్పుడు కప్పు కొసన సన్నటి గీత పడింది. మంచంతా దుప్పటి లాగినట్టు జారి, చర్చి చుట్టూ ఉన్న ఇనుప కంచె అవతల ధభేలుమని పడింది. ఆ పొడి ఎగిరొచ్చి విల్మోష్ లాంగోష్‌ను కప్పేసింది.

తడిసిన పెంకులు ఎండకు మెరిశాయి. ఎటెల్క దుర్భిణి పెట్టింది.

"నాలుగో వరస అన్నావు కదూ... లేదు."

ఆర్పాద్ దుర్భిణి కోసం చెయ్యి చాచాడు, ఎటెల్క ఇవ్వలేదు.

"ఐదో వరసలో... ఉందయ్యోయ్! పసుపుది! ఆర్పాద్, ఒక్కటే ఉంది!"

"నాలుగో వరసన్నాడు!" విల్మోష్ గొంతు చించుకున్నాడు. "అబద్ధమేగా!"

"డజనుకి పదకొండు రొట్టెలిచ్చినవాడివి, నువ్వు లెక్కలు మాట్లాడకు," అంది ఎటెల్క. దుర్భిణి అతని చేతిలో పెట్టింది. విల్మోష్ చాలాసేపు చూశాడు. తరువాత మంచు పడిన లాంగోష్‌ను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆర్పాద్‌కు ఇచ్చాడు.

ఆర్పాద్ మాత్రం టోపీని గాల్లోకి ఎగరేసి, దారినపోయే వాళ్ళందరికీ పైకి చూపిస్తూ, "నాదే! అది నాదే!" అని కేకలేశాడు. అందరూ ఆగి చూశారు కూడా.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ ఏడే ఆ గంట తాడు తెగింది. నా నడికట్టు ఊడదీసి కట్టి, మూడ్రోజులు..."

విల్మోష్ నోరు తెరిచాడు. శనివారం తానెక్కాల్సిన బల్ల గుర్తొచ్చి మూశాడు.

"ఊఁ," అన్నాడు నీరసంగా. "తరవాత?"