జూన్‌లో రమ్మన్నారు

ష్కోద్ర పట్నంలో సైకిళ్లు బాగుచేసే పాష్కుకు తాడు కనబడితే చాలు, అది పాము కాదని తేలేదాకా కాలు ముందుకు పడదు. పుచ్చకాయ కొనాలంటే నాలుగు వైపులా తట్టి, ముక్క కోయించి, రుచి చూసి, అప్పటికీ అమ్మేవాడి మొహం వంక ఒకసారి చూసి గాని సంచిలో వేసుకోడు. ఎవరైనా సైకిలు తెచ్చి బ్రేకు ఒక్కటే పోయిందంటే, మిగతావి ఎందుకు దాస్తున్నాడా అని ముందు వాటినే విప్పుతాడు. అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు ద్రాండే. కొండల్లోని శాలా లోయ కుర్రాణ్ణి చేసుకుంటానని ఏకంగా ఉంగరం తొడిగించుకుని వచ్చింది.

కుర్రాడి పేరు లులాష్. పట్నంలో గోడలకు ప్లాస్టరింగు చేస్తాడు. మాట మెత్తన.

"మా ఇల్లు చూడ్డానికి జూన్‌లో రండి మావయ్యా. చెర్రీలు పండుతాయి" అన్నాడు.

జూనే ఎందుకు? మిగతా నెలల్లో ఇల్లు ఎక్కడికైనా పోతుందా? అక్కడికి ఎప్పుడు వెళ్లాలని పాష్కు లోయకు వ్యాను నడిపే ఫ్రానును అడిగాడు. జూన్ అన్నాడు. చీజు అమ్ముకోవడానికి దిగివచ్చే ముసలమ్మను అడిగాడు. ఆవిడా జూనే అంది. ఇంతమంది ఒకే మాట చెబుతున్నారంటే ఎవరో కూర్చోబెట్టి నేర్పి ఉండాలి.

"పల్లంలో ఏ సైకిలైనా పరిగెడుతుంది. ఎత్తెక్కించి చూడాలి" అన్నాడు భార్యతో.

"ఎక్కించు. నీ నడుం పట్టేస్తే మాత్రం నన్ను పిలవకు" అంది ఆవిడ.

మార్చి చివరి వారంలో కూతురికి చెప్పకుండా బయల్దేరాడు. కనుమ దగ్గర మంచు అడ్డం పడి వ్యాను ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి నడకే పెద్దాయనా. ఈ చలిలో ఏం చూస్తావు? వెనక్కి పోదాం పద" అన్నాడు ఫ్రాను.

"వద్దంటున్నావంటే ఏదో ఉందన్నమాటే" అని పాష్కు దిగిపోయాడు.

నాలుగు గంటలు మోకాలి లోతు మంచులో నడిచాడు. తలుపు తీసింది లులాష్ తల్లి దీలా. ద్రాండే తండ్రినని చెప్పాడు. ఎందుకొచ్చావని అడగలేదు. అతిథి రొట్టె తినకముందే ఆ మాట అడగడం కొండమీద తప్పు. తడిసిన మేజోళ్లు తనే లాగేసి, వేణ్ణీళ్లతో కాళ్లు కడిగి, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది.

"రొట్టే, ఉప్పూ, మనసూ ఉన్నాయి అన్నయ్యగారూ. కానివ్వండి" అంది.

ఈ మర్యాద మరీ ఎక్కువగా ఉందే అనుకుంటూ పాష్కు నమిలాడు. నములుతూనే లెక్కపెట్టాడు. మంచాలు ఐదు, పరుపున్నది ఒక్కదాని మీదే. గుమ్మం దగ్గర బూట్లు ఒక్క జతే.

"మగవాళ్లేరమ్మా?"

"నవంబరులోనే దిగిపోయారు. మంచు పడితే ఇక్కడ పనేముంటుంది? మేలో వస్తారు."

"మరి నువ్వు?"

"మేకలూ ఆవూ దిగవుగా. ఒకరుండాలి."

"ప్రతి ఏడూ నువ్వేనా?"

"ముప్ఫై ఒక్క ఏళ్లుగా. అంతకుముందు మా అత్త ఉండేది. ఇంట్లోకి కొత్త కోడలొస్తే ఆ పని కోడలిది."

దొరికింది. పాష్కు చేతిలోని రొట్టె పళ్లెంలో పడేశాడు.

"ఇది దాచడానికేనా జూన్‌లో రమ్మన్నారు?"

కాదంటుందనుకున్నాడు. కాదంటే కడిగేద్దామని మాటలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు.

"అవును" అంది దీలా. "నా మోకాళ్లు పోయాయి. వచ్చే చలికాలం నావల్ల కాదు. మార్చిలో చూసినవాడెవడూ పిల్లనివ్వడు అన్నయ్యగారూ. మా నాన్నా జూన్‌లోనే వచ్చాడు."

ఆ తర్వాత ఆమె పళ్లెం తీసి కడిగింది. తన అనుమానం నిజమైనందుకు సంతోషం కలగకపోవడం పాష్కుకు ఇదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే ఆమె కర్ర ఊతంగా పట్టుకుని ఊరి పొలిమేర దాకా వచ్చి సాగనంపింది. దారిలో బతిమాలుతుందేమోనని చూశాడు. దారి జారుతుంది, చూసి నడవమంది, అంతే.

ఇల్లు చేరగానే కూతురికి అంతా చెప్పాడు. చెబుతూ ద్రాండే మొహం చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు, లేదా తన మీదికి లేస్తుందనుకున్నాడు.

"ఆవిడిప్పుడు ఒక్కతే ఉందా?" అని మాత్రం అడిగింది.

పాష్కుకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అన్నీ లెక్కపెట్టి వచ్చాడు గాని, ఆ మనిషికి ఒక బస్తా పిండి కావాలా అని కూడా అడగలేదు. ద్రాండే శాలువా కప్పుకుని లులాష్ ఉండే గదికి నడిచింది. వెనకాలే తండ్రీ వెళ్లాడు.

"మీ అమ్మ అక్కడ ఒక్కతే ఉంది, తెలుసా?" అంది.

"ప్రతి ఏడూ అంతేగా" అన్నాడు లులాష్, కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ.

ద్రాండే ఉంగరం తీసి గిన్నె పక్కన పెట్టింది. "ముందు వెళ్లి అమ్మను దించుకురా. పెళ్లి మాట ఆ తర్వాత."

అతనికి అర్థం కాలేదు. "అమ్మ దిగితే మేకలు?"

"వాటి దగ్గర నువ్వుండు" అంది.